దారాలకు అవతలి మనిషి

వాన మొదలైంది. పర్వత్ పాటియా దగ్గర షేర్ ఆటో వెనక సీట్లో అప్పటికే ముగ్గురు కూర్చున్నారు. డ్రైవరు నాలుగో మనిషిని పిలిచి, వెనకవాళ్ళను కొంచెం జరగమన్నాడు.

"థోడా ఖసకో భాయ్. ఏక్ సవారీ ఔర్."

చివర కూర్చున్న యువకుడు జరగలేదు. తెల్లచొక్కా, కొత్త బూట్లు, అత్తరు వాసన. ఒళ్ళో బ్యాగు.

"జగా ఏడుంది?" అన్నాడు తెలుగులో, తనలో తాను అనుకున్నట్టు. "మా దోహాల ఒక్క సీటుల ఒక్కడే కూసుంటడు."

ఆ నాలుగో సవారీ ఒక అమ్మాయి. పొడుగాటి వస్తువేదో పాత చీర ముక్కలో చుట్టి పట్టుకుంది. జుట్టు తడిసిపోయింది. ఆటోలో ఒక కాలు పెట్టి ఆగింది.

"అయితే ఆ సీటు గూడ తెచ్చుకోకపోయినవా?" అంది, తెలుగులోనే.

అతను తలెత్తాడు. సూరత్‌లో ఎవరికీ అర్థం కాదనుకుని అన్న మాట అది. మిగతా ఇద్దరూ కిసుక్కున నవ్వారు. వాళ్ళూ తెలుగువాళ్ళే.

అతను జరిగాడు. అమ్మాయి కూర్చుంది. ఆమె చేతిలోని మూట అంచు అతని భుజానికి తగిలింది.

"ఏందిది? గుచ్చుతుంది."

"పన్నె."

"జర అటు పెట్టుకో."

"అటు పెడితే వానల తడుస్తది. నువ్వు తడిస్తే ఆరుతవ్. ఇది తడిస్తే తుప్పు పడుతది."

పన్నె అంటే మగ్గానికి దువ్వెన లాంటిది. దారాలన్నీ దాని పళ్ళ మధ్య నుంచే పోవాలి. ఆ సంగతి అతనికీ తెలుసు. తెలియనట్టు బయటికి చూశాడు.

లింబాయత్‌లో ఇద్దరూ ఒకచోటే దిగారు. ఒక గల్లీలోకే తిరిగారు. నాలుగడుగులు వేశాక ఆమె ఆగిపోయింది.

"నా ఎనక ఎందుకొస్తున్నవ్?"

"నీ ఎనక ఎవలొస్తున్నరు? మా అమ్మ ఈడనే ఉంటది."

"ఈ గల్లీల నాకు ఎరుకలేని అమ్మ లేదు. పేరు చెప్పు."

చెప్పబోతుండగా అతని కుడి బూటు మురికినీళ్ళలో దిగబడింది. చీలమండ దాకా పోయింది. ఆమె నవ్వు ఆపుకోవాలని చూసింది గానీ చేతకాలేదు.

"దోహాల గిసొంటి నీళ్ళుండయేమో?"

"దోహాల వానే ఉండది."

"వానే ఉండదా?" ఆమె నవ్వు ఆగిపోయింది. "అయ్యో, పాపం."

వెక్కిరింపుగా అనలేదు. నిజంగానే అంది. నాలుగేళ్ళు అక్కడున్న మనిషికి ఆ మాట కొత్తగా వినిపించింది. వాన లేకపోవడం గురించి అంతకుముందు అతనితో ఎవరూ అయ్యో అనలేదు.

గల్లీ చివర మగ్గాల కార్ఖానా ఉంది. దాని గుమ్మంలో నిలబడ్డ నడివయసు మనిషి చేతులు చాచాడు.

"అల్లుడా! ఫోన్ చెయ్యవేందిరా? స్టేషన్‌కు వద్దునుగద!"

ఆయన సోమలింగం. కార్ఖానాకు మాస్టరు. అతనికి మేనమామ. అమ్మాయి పన్నెను సోమలింగం చేతిలో పెట్టి, ఇద్దరినీ ఒకసారి చూసి, లోపలికి పోయింది. పోతూ పోతూ అంది.

"మామా, నీ అల్లునికి ఒక సీటు చూడు. ఒక్కడే కూసుండేది."

* * *

అతని పేరు రఘుపతి. చిన్నప్పుడే జగిత్యాల వైపు నుంచి తల్లి లలితమ్మతో మేనమామ దగ్గరికి వచ్చాడు. ఈ కార్ఖానాలోనే పని నేర్చాడు. తర్వాత దోహా వెళ్ళాడు. అక్కడ ఒక కంపెనీ గోదాములో స్టోర్ పని. కంపెనీ మంచిదే. ఇప్పుడు ఛుట్టీ మీద వచ్చాడు. వానలు ముగిసేలోగా తిరిగి వెళ్ళాలి.

ఆ అమ్మాయి సంగీత. అతను దోహా వెళ్ళిన తర్వాత ఆ గల్లీకి వచ్చిన కుటుంబం. తల్లిదండ్రులు లేరు. నాయనమ్మ వెంకటవ్వ పెంచింది. అక్క విజయరాణికి పెళ్ళయింది, భర్త మస్కట్‌లో ఉంటాడు. అక్కా వీళ్ళతోనే ఉంటుంది.

వెంకటవ్వా సంగీతా కలిసి చేసే పని ఒకటుంది. కొత్త బీము, అంటే నిలువు దారాలు చుట్టిన పెద్ద కడ్డీ, వచ్చినప్పుడల్లా దాని మీది వేల దారాలను ఒక్కొక్కటిగా మగ్గం తీగల కన్నుల్లోంచి లాగాలి. దానికి ఇద్దరు కావాలి. ఒకరు వెనక కూర్చుని దారం ఏరి అందిస్తారు. ఇంకొకరు ముందు కూర్చుని సన్నని కొక్కెంతో అందుకుని లాగుతారు. ఆ ఇద్దరినీ జోడీ అంటారు. ఒక బీము పట్టిన జోడీ అది అయ్యేదాకా మారకూడదు. ఒక్కో చేతిది ఒక్కో లాగుడు. మధ్యలో చెయ్యి మారితే బట్టలో తెలిసిపోతుందని మాస్టర్ల నమ్మకం.

రఘుపతి వచ్చిన వారానికే వెంకటవ్వ కంటికి ఆపరేషన్ అయింది. నెల దాకా దారాల పని చేయొద్దన్నారు. కార్ఖానాలో బీములు ఆగిపోయాయి.

"అల్లుడా, ఇంట్ల కూసుండి ఫోన్ చూసుడే గద. జర పిల్లకు జోడీ కూసో," అన్నాడు సోమలింగం.

"మామా, నేను దోహాల స్టోర్ చూస్త."

"దారం అందిచ్చుడు మర్చిపోయినవా?"

"మర్చిపోలే."

"ఇగ కూసో."

మగ్గాల హోరుకు దూరంగా పక్క గదిలో బీము పెట్టారు. వెనక రఘుపతి, ముందు సంగీత. గడప దగ్గర గోనెపట్టా మీద కంటికి నల్ల అద్దాలు పెట్టుకుని వెంకటవ్వ. పెళ్ళికాని పిల్లను పరాయి పిల్లవాడితో జోడీ కూర్చోబెడితే గల్లీ ఊరుకోదు. అందుకని అవ్వ కాపలా. కూర్చున్న కాసేపటికే అవ్వ నిద్రపోయింది.

"రెండు వేళ్ళతోని పట్టు. నీ చేతికి అత్తరుంది. దారానికి అంటుతది," అంది సంగీత.

"కడుక్కొనే వచ్చిన."

"మళ్ళ కడుక్కో."

కడుక్కుని వచ్చాడు. మొదటి దారం ఇచ్చాడు. కొక్కెం వచ్చింది, అందుకుంది, పోయింది. రెండోది. మూడోది. కాసేపట్లోనే చేతులు కుదిరాయి.

మధ్యలో దారాలు, తీగలు. వాటి సందుల్లోంచి ఆమె ముఖం ముక్కలుగా కనబడేది. ఒకసారి కన్ను. ఒకసారి ముక్కుపుడక. ఒకసారి కింది పెదవి, పళ్ళ మధ్య నొక్కిపెట్టి. మొత్తం ముఖం ఒక్కసారి చూద్దామని అతను పక్కకు వంగితే కొక్కెం ఖాళీగా వెనక్కి పోయేది.

"దారమేది?"

"ఇస్తున్న."

"ఏం చూస్తున్నవ్?"

"దారం తెగిందేమో అని."

"దారం అటు దిక్కుంటది. ఇటు దిక్కు నేనుంట."

* * *

మొదటి వారమంతా దోహా గురించే మాట్లాడాడు. అక్కడ రోడ్లు ఇట్లుంటాయి. అక్కడ బస్సులో ఏసీ. అక్కడ జీతం తప్పకుండా తారీఖున పడుతుంది. అక్కడ ఎవడూ హారన్ కొట్టడు.

"మరి అక్కడ పొద్దుగూకినంక ఏం చేస్తరు?" అని అడిగింది సంగీత.

"రూముకొస్తం. వండుకుంటం. పంటం."

"ముచ్చట?"

"రూముల ఆరుగురముంటం. ఎవని ఫోన్‌ల వాడు ముచ్చట పెడుతడు."

"మంచిగుంది. ఆరుగురు ఆరు దేశాలల్ల ఉన్నట్టు."

అతను తర్వాతి దారం ఇచ్చాడు.

ఒకరోజు కంపెనీ నుంచి ఫోనొచ్చింది. సూపర్‌వైజరు మంచివాడు. ఎప్పుడొస్తున్నావని అడిగాడు, వస్తే పెద్ద స్టోర్ ఇస్తామన్నాడు. ఫోను పెట్టేసి మళ్ళీ కూర్చున్నాడు గానీ మనసు అక్కడే ఉండిపోయింది. ఒక దారానికి బదులు రెండు కలిపి ఇచ్చాడు. సంగీత ధ్యానమూ ఎక్కడుందో, చూసుకోకుండా లాగేసింది. ఆ పైన జానెడు మేర పని అయ్యాక గానీ తప్పు బయటపడలేదు.

సంగీత కొక్కెం కింద పెట్టింది.

"ఏంది సాబ్? ఇది దోహానా? ఒకటడిగితే రెండిచ్చుడు? ఇప్పుడు ఇదంతా ఊడదియ్యాలె. నీ చేతులు ఈడ, పానం ఆడ. ఆపరేషన్ అయిన మా అవ్వ గూడ కండ్లు మూసుకొని నీకంటె మంచిగ ఇస్తది. పెద్ద స్టోర్ చూస్తడట, స్టోరు! అండ్ల గూడ ఒక డబ్బకు రెండిస్తున్నవా?"

రఘుపతి నవ్వుతున్నాడు. దారాల సందులోంచి ఆమెకు ఆ పళ్ళు కనబడ్డాయి.

"ఎందుకు నవ్వుతున్నవ్? తిడుతుంటే నవ్వొస్తుందా?"

"ఏం లేదు. ఇంక జర తిట్టు."

"పిచ్చిగాని లేసిందా?"

"అక్కడ నాలుగేండ్లల నన్ను ఎవలూ తిట్టలేదు."

"తప్పు చెయ్యలేదా?"

"చేసిన. చేస్తే ఫైన్ ఏస్తరు. తిట్టరు."

ఇద్దరూ కలిసి ఆ జానెడూ ఊడదీశారు. మళ్ళీ మొదటి నుంచి లాగారు. సాయంత్రం లేచేటప్పుడు ఆమె అంది.

"రేపు ఎప్పుడొస్తవ్? జల్ది రా. ఇయ్యాల్టిది గూడ రేపే చెయ్యాలె."

"వస్త."

గోనెపట్టా మీద వెంకటవ్వ కదిలింది.

"వస్తడు తీ. ఏం పని లేకున్నా వచ్చేటట్టున్నడు," అంది, నల్ల అద్దాల వెనక నుంచి.

అవ్వ ఎప్పుడు నిద్రపోయిందో, ఎప్పుడు లేచిందో ఎవరికీ తెలియదు.

* * *

ఒక సాయంత్రం అవ్వను చేయి పట్టుకుని ఇంటిదాకా తీసుకొచ్చాడు రఘుపతి. చాయ్ తాగి పొమ్మన్నారు. వంటింట్లో విజయరాణి రొట్టెలు చేస్తోంది. బియ్యం డబ్బాకు ఆనించి ఫోను పెట్టింది. వీడియో కాల్ నడుస్తోంది. మస్కట్ నుంచి భర్త.

ఆమె రొట్టె తిప్పుతోంది. అతను చూస్తున్నాడు. ఇద్దరూ ఏమీ మాట్లాడటం లేదు. మధ్యలో ఆవిరికి ఫోను జారి వెల్లకిలా పడింది. విజయరాణి చేతికి పిండి ఉంది. లేపలేదు.

"మా బావకు మా ఇంటి ఫ్యాను మంచిగ ఎరుక," అంది సంగీత మెల్లగా. "రోజు దాన్నే చూస్తడు."

రఘుపతికి నవ్వు రాబోయి ఆగిపోయింది.

"అక్కకు కోపం రాదా?"

"కోపమెందుకు? పొమ్మన్నది అక్కనే. అప్పుడు పొమ్మన్నది. ఇప్పుడు బావ ఏమంటడంటే, నన్ను నువ్వే తోలినవు అంటడు. అక్క ఏమంటదంటే, నేనంటే నువ్వెట్ల పోయినవు అంటది. ఇద్దరిదీ నిజమే. గదే బాధ."

బయట వాన పెద్దదయింది. రఘుపతి చాయ్ చల్లారింది.

గల్లీలో అతన్ని చూసినవాళ్ళందరూ ఒకటే అడుగుతున్నారు. చాయ్ బండి వాడు, కిరాణా కొట్టు మారాజ్, మగ్గం కారీగర్లు. వాపస్ ఎప్పుడు? మొదట్లో తారీఖు చెప్పేవాడు. తర్వాత తర్వాత "ఉంది, ఇంకా టైముంది" అనేవాడు.

ఇంట్లో లలితమ్మ తారీఖు అడగదు. ఆమెకు అది బాగా గుర్తుంది. కొడుకు ఇష్టాలన్నీ చేసి పెట్టేది. తినేటప్పుడు ఎదురుగా కూర్చుని, "అక్కడ జర మంచిగ తిను బిడ్డా," అనేది. ఇక్కడి కంచంలో అన్నం ఉండగానే.

* * *

వెళ్ళాల్సిన రోజుకు ఇంకా వారముంది. ఒక ఆదివారం పొద్దున, అడాజన్‌లో వెంకటవ్వను కంటి డాక్టరుకు చూపించాలి. ఆటోలో రఘుపతి కూడా వెళ్ళాడు. డాక్టరు అద్దాలు మార్చాడు. వచ్చేవారం నుంచి పని చేసుకోవచ్చన్నాడు.

మందుల దుకాణం దగ్గర అవ్వ బెంచీ మీద కూర్చుంది. "మీరు పోయి ఏమన్న తినుర్రి. నేను గీ మనుషుల మొఖాలు చూసుకుంట కూసుంట. మస్తు రోజులైంది చూడక," అంది.

పక్కనే లోచో బండి. శనగపిండితో చేసే సూరత్ టిఫిన్, వేడివేడిగా, మెత్తగా, పైన వెన్న, సేవ్. చూరు కింద నిలబడి తిన్నారు. వాన వాళ్ళ ముందు తెరలా పడుతోంది.

"వచ్చేవారం నుంచి అవ్వ కూసుంటది," అన్నాడు రఘుపతి.

"ఆ."

"నా డ్యూటీ అయిపోయినట్టే."

"ఆ. జీతం మామను అడుగు."

"సంగీతా."

ఆమె లోచో వైపు చూస్తోంది.

"నేను పోకుంటే?"

"ఏడికి?"

"దోహాకు. పోకుంట ఈడనే ఉంటే?"

"ఎవరి కోసం?"

"నీ కోసం."

వాన చప్పుడు. బండివాడు గిన్నెలు కడుగుతున్నాడు. సంగీత చెంచా కింద పెట్టింది. ఆమె ముఖంలో సంతోషం వచ్చింది. అతను చూశాడు. చూస్తుండగానే అది పోయింది.

"వద్దు," అంది.

"నేనంటే ఇష్టం లేదా?"

"ఇష్టం సంగతి గాదు. నా కోసం ఆగినవనుకో. రెండేండ్లయినంక ఒకనాడు బీములు దొరకయి. ఇంట్ల తిప్పలుంటయి. అప్పుడంటవు, నీ కోసం ఆగిన, లేకుంటే పెద్ద స్టోర్ చూసేటోన్ని అని. అక్క పొమ్మని మాట పడుతుంది. నేను ఉండుమని మాట పడాలెనా?"

"నేనట్ల అనను."

"అందరు అనమనే అంటరు." ఆమె ప్లేటు బండి మీద పెట్టేసింది. "పోతే పో. ఉంటే ఉండు. నా మీద మాత్రం పెట్టకు. అవ్వ చూస్తుంది, పా."

అవ్వ నిజంగానే చూస్తోంది. కొత్త అద్దాల్లోంచి, నోరు తెరుచుకుని, వాళ్ళనే.

ముగ్గురూ ఆటోలో వెనక్కి బయలుదేరారు. తాపీ వంతెన మీద వాన అడ్డంగా కొట్టింది. సంగీత చున్నీతో అవ్వ అద్దాలు తుడిచింది. రఘుపతి నది వైపు చూస్తూ కూర్చున్నాడు.

తర్వాతి నాలుగు రోజులు మిగిలిన పాత బీముల మీద పనిచేశారు. ఒకటి సగంలో ఉంది, జోడీ మారడానికి లేదు. దారం ఇవ్వడం, లాగడం. మాటల్లేవు. చేతులు మాత్రం ఎప్పటికంటే బాగా నడిచాయి. సోమలింగం వచ్చి చూసి, "శభాష్, ఒక్క తప్పు లేదు," అన్నాడు. ఇద్దరి ముఖాలూ చూసి మెల్లగా వెళ్ళిపోయాడు.

చివరి బీము పూర్తయిన సాయంత్రం సంగీత లేచి చేతులు దులుపుకుంది. రేపు ఎప్పుడొస్తవ్ అని రోజూ అడిగే మాట ఆ రోజు అడగలేదు.

* * *

వెళ్ళాల్సిన రోజు వచ్చింది. సాయంత్రం ముంబై రైలు, అక్కడి నుంచి విమానం.

పొద్దున కార్ఖానాకు కొత్త బీము వచ్చింది. పెద్దది. రెండు రోజుల పని. సంగీత కొక్కెం తెచ్చుకుని కూర్చుంది. అవతల వెంకటవ్వ కూర్చోబోతోంది.

"అవ్వా, జరుగు," అన్నాడు రఘుపతి.

పాత లుంగీ, బనియను. చేతులు కడుక్కుని వచ్చాడు. అవ్వ ఒకసారి అతన్ని, ఒకసారి మనవరాలిని చూసి, లేచి గోనెపట్టా మీదికి పోయింది.

రఘుపతి దారం పట్టుకుని అందించాడు. కొక్కెం రాలేదు.

"లే," అంది సంగీత.

"దారం అందుకో."

"సాయంత్రం రైలు పెట్టుకొని రెండు రోజుల బీము పడుతవా? లే. నాటకాలొద్దు. బీము పట్టిన, ఇగ పోరాదు అని మామకు చెప్పుదామనా? నేను బీమును సగంల మారుస్త. గల్లీ అంతా తిట్టనీ. నిన్ను మాత్రం కూసోనియ్య."

"రైలు లేదు."

"ఏంది?"

"నిన్న కంపెనీకి ఫోన్ చేసిన. రానని చెప్పిన. సూపర్‌వైజర్ తిట్టిండు." కొంచెం నవ్వాడు. "పోయేటప్పుడు మొదటిసారి తిట్టిండు."

సంగీత లేచి నిలబడింది. "నేను చెప్పిన గద, నా కోసం..."

"నీ కోసం గాదు. జర కూసొని విను. నువ్వు కాదన్నా నేను పోను. నువ్వు అవ్వతోనే జోడీ కూసున్నా పోను. పర్వత్ పాటియాల ఒక బట్టల గోదాముల పని అడిగిన. ఒకటో తారీఖు నుంచి రమ్మన్నరు. దోహా అంత రాదు. సగం గూడ రాదు. అది ఎరుకయ్యే ఒప్పుకున్న."

ఆమె కూర్చోలేదు. కానీ వెళ్ళలేదు.

"దోహా చెడ్డది గాదు," అన్నాడు రఘుపతి. దారం ఇంకా వేళ్ళ మధ్యే ఉంది. "నాకు ఒక్కనాడు కష్టం కాలే. అన్నముంది. జీతముంది. గని అక్కడ అందరూ ఏమడుగుతరో ఎరుకనా? ఛుట్టీ ఎప్పుడు, ఊరికి ఎప్పుడు పోతవ్? ఈడికొస్తే ఈడ అందరూ అడుగుతరు. వాపస్ ఎప్పుడు, ఎప్పుడు పోతవ్? ఆడా పోవుడే, ఈడా పోవుడే. నాలుగేండ్ల నుంచి నేను ఏడ ఉన్నా అందరూ నన్ను సాగనంపేటోల్లే."

గోనెపట్టా మీద అవ్వ కదలడం లేదు.

"నువ్వొక్కదానివే వేరే అడిగినవ్. రేపు ఎప్పుడొస్తవ్ అని. రోజూ అడిగినవ్. నాకు రాత్రంతా అదే. రేపు పొద్దున నేను రావాల్సిన జాగ ఒకటుంది అని. నువ్వు అడుగుడు ఆపినంక గూడ అది మనసుల నుంచి పోతలేదు. నాకు గిట్ల ఉండుడు కావాలె. నువ్వున్నా, లేకున్నా. నువ్వుంటే మంచిగుంటది. గది వేరే మాట. గా మాట నువ్వు చెప్పాలె."

ఇంత మాట అతను ఎన్నడూ ఒక్కసారిగా మాట్లాడి ఉండడు. మాట్లాడి అలసిపోయినట్టు తల వంచుకున్నాడు.

సంగీత మెల్లగా కూర్చుంది. తీగల సందులోంచి ఆమె కన్ను ఒకటి కనబడింది. తడిగా ఉంది.

"అమ్మకు చెప్పినవా?" అంది.

రఘుపతి చేతిలోని దారం వైపు చూశాడు.

"చెప్పలేదా?"

"పొద్దున్నే కార్టన్ కడుతుంది. చెప్పబుద్ధి కాలేదు."

"హే భగవాన్," అంది సంగీత. "ముందు ఆమెకు చెప్పకుంట నాకు చెప్పుడేంది? పిచ్చోడా!"

అప్పటికే ఆలస్యమైంది. రఘుపతి సామాను స్టేషన్‌కు ఎప్పుడు తీసుకెళ్ళాలో అడగడానికి లలితమ్మ సోమలింగానికి ఫోన్ చేసింది. సోమలింగం పొద్దున్నే కొత్త గోదాము సేఠ్‌తో మాట్లాడి వచ్చినవాడు. అక్కకు తెలుసనుకుని చెప్పేశాడు.

లలితమ్మ వానలో గొడుగేసుకుని వచ్చింది. గడప దగ్గర ఆగింది. గొడుగు మూయలేదు. నీళ్ళు లోపలికి కారుతున్నాయి.

"నిజమేనారా?"

"నిజమే అమ్మా."

"గల్లీల అందరికి నేనేం చెప్పాలె? నాలుగేండ్ల నుంచి నా కొడుకు దోహాల ఉన్నడు అని చెప్పుకున్న. ఇప్పుడు ఏమనాలె?"

"లింబాయత్‌ల ఉన్నడు అని చెప్పు."

"నోర్ముయ్!"

రఘుపతి నోరు మూశాడు. లలితమ్మ చూపు సంగీత మీదికి తిరిగింది. కార్ఖానాలో ఆ గదిలోకి తొంగిచూసే తలలు రెండు మూడయ్యాయి. సోమలింగం వాటిని తోలాడు.

"బిడ్డా, నిజంగ చెప్పు. నువ్వు ఉండుమన్నవా వీన్ని?"

సంగీత లేచి ముందుకు వచ్చింది. దారాల వెనక నుంచి మొత్తం ముఖం బయటికి వచ్చింది. భయపడలేదు.

"లేదత్తా. పొమ్మన్న. ఇంతకుముందు గూడ లే అన్న. మా అవ్వను అడుగు."

"అన్నది," అంది వెంకటవ్వ.

లలితమ్మ కాసేపు ఆ పిల్లను చూసింది. గొడుగు చేతిలో కొంచెం వాలింది.

"నేను గూడ పొమ్మన్న," అంది. "నాలుగేండ్ల కింద, మొదటిసారి పోయేటప్పుడు, ఒక్క మాట ఉండు బిడ్డా అందామనుకున్న. వాని మనసు ఖరాబైతదని అనలే. ఇప్పుడు గూడ అనలే. లోపట లోపటనే ఉంచుకున్న. ఇయ్యాల పొద్దుగాల కార్టన్‌కు తాడు కడుతుంటే చెయ్యి వస్తలేదు. మూడుసార్లు విప్పి కట్టిన."

పక్క గదిలో మగ్గాలు ఆడుతున్నాయి.

"అంటే అమ్మా, నీకు గూడ..." అన్నాడు రఘుపతి.

"నోర్ముయ్యమన్న గద." కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ సంగీత వైపు తిరిగింది. "నువ్వు పొమ్మన్నవ్. నేను పొమ్మన్న. ఇద్దరి మాట వినలే వీడు. నేను కన్నదాన్ని, చెప్తున్న. ఇగ ముందు గూడ వినడు. మంచిగ ఆలోచించుకో బిడ్డా."

అర్థం కావడానికి సంగీతకు ఒక క్షణం పట్టింది. అర్థమయ్యాక ముఖం ఎర్రబడింది. రఘుపతి వైపు చూడలేదు. లలితమ్మ చేతిలోంచి గొడుగు తీసుకుని, నీళ్ళు బయటికి దులిపింది.

"ఆలోచించుకున్న అత్తమ్మా," అంది.

అత్తా అనే మాట అత్తమ్మా అయింది. అందరికంటే ముందు అది వెంకటవ్వకు వినబడింది. అవ్వ అద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంది. "మందు ఏసుకునే టైమైంది," అంది, ఎవరూ అడగకపోయినా.

"అయితే పా," అంది లలితమ్మ. "ఆ కార్టన్ విప్పాలె. నాతోని ఒక్కదానితోని గాదు. పచ్చడి డబ్బలున్నయి, కారప్పొడి ఉంది. వాడు ఏం తింటడో, ఏం తినడో చెప్త. ఇప్పుడే విని పెట్టుకో."

"బీము?" అన్నాడు రఘుపతి దారం పట్టుకునే. "మొదలే పెట్టలేదు."

"దారం ఇడువకు," అంది సంగీత. "అట్లనే పట్టుకొని కూసో."

ఇద్దరు ఆడవాళ్ళూ ఒకే గొడుగు కింద గల్లీలోకి దిగారు. లలితమ్మ చేయి ఊపుతూ ఏదో చెబుతోంది. సంగీత తల ఊపుతోంది. ఒకచోట మురికినీళ్ళ దగ్గర సంగీత అత్తగారి చేయి పట్టుకుని దాటించింది. తర్వాత ఆ చేయి వదల్లేదు. వానలో గొడుగు చిన్నదై, గల్లీ మలుపు తిరిగింది.

వాళ్ళు తిరిగిన మలుపునే రఘుపతి చూస్తున్నాడు.

"చూసింది చాలు పిలగా," అంది వెంకటవ్వ. "లేచి నాకు ఒక చాయ్ తీసుకరా. చక్కెర జర ఎక్కువేపియ్యి. ఇయ్యాల డాక్టరు వద్దన్నా తాగుత."

అతను దారం జాగ్రత్తగా పక్కకు ముడివేసి, చెప్పుల కోసం వెతికాడు.